జపాన్ కొలువుల వార్తల్లో పిల్లల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

మా పుట్టిల్లు దేవరకొండ దగ్గరి పల్లె, మెట్టినిల్లు మిర్యాలగూడ. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద కొన్నేళ్లుగా టోక్యోలోని ఎదొగావా వార్డులో ఉంటున్నాం. నిషికసాయి స్టేషన్ చుట్టుపక్కల మన దేశపోళ్లు ఎక్కువగా ఉండే చోటు అది. బాబు ఐదో తరగతి, పాప ఒకటో తరగతి. ఇద్దరూ అక్కడి ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. జపాన్‌లో వేసవి సెలవులు జులై చివర మొదలై ఆగస్టుతో అయిపోతాయి కాబట్టి ఇప్పుడు అమ్మవాళ్లింటికి వచ్చి ఉన్నాం.

వచ్చినప్పటి నుంచి ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. అందరిదీ ఒకటే మాట, జపాన్ కొలువులు. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి జపాన్ వెళ్లినప్పుడు విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ అక్కడి సంస్థలతో సుమారు 500 ఉద్యోగాలకు ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఆగస్టులో రెండు దేశాల ప్రధానులు కూర్చుని, ఐదేళ్లలో 5 లక్షల మంది అటూ ఇటూ రాకపోకలు సాగించాలని, అందులో మన దేశం నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్లు జపాన్‌కు వెళ్లాలని అనుకున్నారు. ఈ వార్తలు మీ పత్రికలోనూ వచ్చాయి. నర్సింగ్ చదివిన మన ఆడపిల్లలు వాటిని కత్తిరించి దాచుకుంటున్నారు. నన్ను జీతమెంత అని అడుగుతున్నారు, చలి ఎట్లుంటదని అడుగుతున్నారు, బియ్యం దొరుకుతయా అని అడుగుతున్నారు. పెండ్లయి పిల్లలున్నవాళ్లు కూడా పిల్లల సంగతి చివర్న, లేచి వెళ్లేటప్పుడు గడపలో నిలబడి అడుగుతున్నారు. ఆ ప్రశ్న ముందు రావాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ఊళ్లో నాకు వరసకు చెల్లెలయ్యే ఒకామె ఉంది. జీఎన్ఎం నర్సింగ్ చదివి నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. మూడేళ్ల బిడ్డ ఉంది. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి పోవాలని భాష నేర్చుకుంటోంది. "ముందు నువ్వు పో, ఆరు నెలలైనంక నీ బిడ్డను, మీ ఆయనను పిలిపించుకోవచ్చు" అని ఒక ఏజెంటు ఆమెకు చెప్పాడట. ఆరు నెలలే కదా అని అత్తమ్మ దగ్గర బిడ్డను ఉంచడానికి గుండె రాయి చేసుకుంది. నేను విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అది అబద్ధం.

ఈ పనికి సాధారణంగా ఇచ్చేది 'టొకుతెయ్ గినో', అంటే నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివాళ్ల వీసా. 2019 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు మీద మొత్తం ఐదేళ్ల దాకా పని చేయవచ్చు గాని భర్తను, పిల్లలను వెంట ఉంచుకోనివ్వరు. రెండో మెట్టెక్కితే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. అయితే వృద్ధుల సంరక్షణ పనికి ఆ రెండో మెట్టు లేదు. దానికి దారి వేరు. అక్కడ మూడేళ్లు పని చేసిన అనుభవం చూపించి, 'కైగో ఫుకుషిషి' అనే, సంరక్షకుల జాతీయ పరీక్ష రాయాలి. పరీక్ష ఏడాదికొకసారి, జనవరిలో, జపనీస్ భాషలో ఉంటుంది. అందులో పాసైతే 'కైగో' అనే వేరే వీసాకు మారవచ్చు. భర్తకూ పిల్లలకూ తలుపు తెరుచుకునేది అప్పుడే. అంటే అన్నీ కలిసొచ్చి, మొదటిసారే పాసైనా, ఇవాళ మూడేళ్లున్న బిడ్డ తల్లి దగ్గరికి చేరేసరికి ఏడేళ్లు నిండుతాయి. ఈలోపు సెలవు మీద తల్లి రావాలి, లేదా చుట్టపుచూపు వీసా మీద బిడ్డ పోవాలి.

దీన్ని నేను ఆ చెల్లెలికి కాగితం మీద రాసి చూపించాను. ఆమె ఏడ్వలేదు. "అక్కా, గిది ముందుగాలనే ఎవరన్నా చెప్తే ఏం పోయేది?" అంది. ఆ ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెకు అప్పులున్నాయి, ఇక్కడ నర్సుకిచ్చే జీతం ఎంతో అందరికీ తెలుసు. నేను పోవద్దని చెప్పడం లేదు. కాని ఆరు నెలల లెక్కతో పోవడం వేరు, నాలుగేళ్ల లెక్కతో పోవడం వేరు. మన ప్రాంతానికి ఈ బాధ కొత్తది కాదు. దేవరకొండ తండాల నుంచి, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి బొంబాయికి, పుణెకు పనికిపోయిన తల్లిదండ్రులు పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి పోయిన కథలు ఇంటికొకటి ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వాళ్లను అడిగితే నాకంటే బాగా చెబుతారు.

ఇంజనీర్ల వీసా మీద వెళ్లేవాళ్లకు ఈ అడ్డు లేదు, మొదటి రోజు నుంచే భార్యాపిల్లల్ని తీసుకెళ్లవచ్చు. మాది అదే దారి. మా పాప అక్కడే పుట్టింది. కడుపుతో ఉన్నామని వార్డు కార్యాలయంలో చెప్పగానే 'బొషి తెచో' అనే తల్లీబిడ్డల పుస్తకం ఇస్తారు. టీకాలు, బరువు, పళ్లు వచ్చిన తేదీ అన్నీ అందులోనే రాస్తారు, చాలా భాషల్లో దొరుకుతుంది. పుట్టిన బిడ్డ పేరు 14 రోజుల్లో వార్డు కార్యాలయంలో నమోదు చేయాలి, 30 రోజుల్లో బిడ్డ వీసాకు దరఖాస్తు పెట్టాలి. అక్కడ పుట్టినంత మాత్రాన జపాన్ పౌరసత్వం రాదు. మన దేశ రాయబార కార్యాలయంలో ఏడాది లోపు నమోదు చేయించుకోవాలి. పిల్లల ఖర్చు కింద ప్రభుత్వం నెల లెక్కన డబ్బులు ఇస్తుంది, రెండు నెలలకొకసారి వేస్తుంది, అది విదేశీయులకు కూడా వర్తిస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి తీసేసి, హైస్కూలు వయసు దాకా ఇస్తున్నారు. మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు 15 వేల యెన్లు, ఆ పైన 10 వేలు.

కొరత ఒక్కటే, మనిషి తోడు. మన దగ్గర పురుడంటే అమ్మ, అత్తమ్మ, పిన్ని, ఇల్లంతా జనం. అక్కడ అమ్మకు దొరికేది చుట్టపుచూపు వీసా, 90 రోజులు. బిడ్డ మెడ నిలబడే వేళకు అమ్మమ్మ విమానం ఎక్కాలి. 'ఉన్నత నిపుణుల' వీసా ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్లు దాటితే, ఏడేళ్ల లోపు పిల్లలను చూసుకోవడానికి భార్య తరఫునో భర్త తరఫునో తల్లిదండ్రులను ఎక్కువ కాలం ఉంచుకోవచ్చు. ఆ వీసాకు అర్హత ఉండి కూడా, అది ఉందని తెలియక మామూలు వీసా మీదనే ఉండిపోయినవాళ్లను నేను చూశాను.

ఇక బడి. మన వాళ్లకు ఫోన్లలో జపాన్ పిల్లలు తరగతి ఊడ్చే వీడియోలు తెగ వస్తుంటాయి. అవి నిజమే. పిల్లలే ఊడుస్తారు, తెల్ల ఏప్రాన్లు, టోపీలు పెట్టుకుని తోటివాళ్లకు అన్నం వడ్డిస్తారు. మా పాప ఒకటో తరగతి, పసుపు టోపీ పెట్టుకుని తోటి పిల్లల గుంపుతో నడిచే పోతుంది, రోడ్డు దాటే చోట ముసలివాళ్లు జెండాలు పట్టుకుని నిలబడతారు. నల్లగొండ గడియారం సెంటర్‌లో ఆటోల్లో కుక్కిన పిల్లలను చూసిన మా అమ్మ, అక్కడ మనవరాలు ఒంటరిగా గేటు దాటడం చూసి మొదటి రోజు వెంట పరుగెత్తింది. భూకంపం వస్తే బల్ల కిందికి దూరడం, దిండులాంటి టోపీ నెత్తిన పెట్టుకుని మైదానంలోకి నడవడం మా పిల్లలకు అలవాటైపోయింది. ఆ బడిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. టీచర్లు బిడ్డను బిడ్డగా చూస్తారు. పాప చేతికి గోరింటాకు పెట్టుకుని పోతే, అదేమిటని అడిగి, ఆషాఢం సంగతి నేను రాసి పంపితే తరగతి అందరికీ చెప్పించారు.

అయితే వీడియోల్లో కనిపించనిది తల్లి పని. ఒకటో తరగతిలో లెక్కల పెట్టె ఇస్తారు. అందులో లెక్కించే పుల్లలు, చిన్న చిన్న బిళ్లలు. ప్రతి పుల్ల మీద, ప్రతి బిళ్ల మీద పిల్ల పేరు రాయాలి. మన ఇంటిపేరు, పేరు కలిపి వాళ్ల అక్షరాల్లో రాస్తే పుల్లకు ఆ చివర నుంచి ఈ చివర దాకా వస్తుంది. బడి నుంచి వచ్చే కాగితాలన్నీ జపనీస్‌లోనే. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే సగం అర్థమవుతుంది, మిగతా సగంలోనే రేపు తేవాల్సిన వస్తువు ఉంటుంది. నెల నెలా మధ్యాహ్న భోజనం పట్టిక వస్తుంది, ఏ కూరలో ఏం వేస్తారో అన్నీ రాసి ఉంటాయి. మేం కోడి, మేక తింటాం గాని గొడ్డు మాంసం తినం. ఆ పట్టిక ముందేసుకుని ఆ రోజులకు గుర్తు పెట్టుకుని, ఆ పూట ఇంటి నుంచి డబ్బా కట్టి పంపుతాను. ఒంటికి పడని పదార్థాలైతే బడి పక్కన పెడుతుంది, నమ్మకాల కోసం వేరే వండాలన్న నియమం మా బడిలో లేదు. పూర్తి శాకాహారులకు ఇది చాలా కష్టం. అక్కడి వంటల్లో చేపల నుంచి తీసిన రసం దాదాపు అన్నిట్లో పడుతుంది.

వీటన్నిటికంటే నన్ను కదిలించేది 'ఒందొకు'. ప్రతి సాయంత్రం పిల్లలు పాఠం పైకి చదవాలి, తల్లో తండ్రో విని, బాగా చదివాడా, తడబడ్డాడా అని కార్డు మీద గుర్తు పెట్టాలి. బాబు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నాకు జపనీస్ రాదు. వాడు చదివేవాడు, నేను వినేదాన్ని, గుర్తు పెట్టేదాన్ని. వాడు తప్పు చదివితే సరిదిద్దే మనిషి ఇంట్లో లేదు. తర్వాత నేనూ వాడి పుస్తకంతోనే నేర్చుకున్నాను. ఇప్పుడు పాప చదువుతుంటే తప్పు పట్టగలను. జపాన్ పోయే తల్లులకు నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే, ఉద్యోగం మీ ఆయనదే అయినా భాష మీరు నేర్చుకోండి. పిల్లల చదువు ఇంట్లో మీ మీద పడుతుంది.

బడికి పంపడం కూడా మన చేతుల్లోనే ఉందని తెలుసుకోవాలి. అక్కడ తొమ్మిదేళ్ల చదువు నిర్బంధం, కాని ఆ నిర్బంధం జపాన్ పౌరులకే. విదేశీ పిల్లలను చేర్పించమని తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టాలి. పెడితే ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం. పెట్టకపోతే బిడ్డ ఇంట్లో ఉండిపోతుంది. 2019లో ఆ దేశ విద్యాశాఖ మొదటిసారి దేశమంతా లెక్క తీస్తే, బడిలో లేని, లేదా ఉన్నారో లేదో తెలియని విదేశీ పిల్లలు 19 వేలకు పైగా తేలారు. జపనీస్ ప్రత్యేకంగా నేర్పించాల్సిన పిల్లలు ప్రభుత్వ బడుల్లో 2023 నాటికి 69 వేలు దాటారు. కొన్ని బడుల్లో అందుకు విడిగా టీచరు ఉంటారు, కొన్నింట్లో వారానికి కొన్ని గంటలే దొరుకుతారు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే ఆ సంగతి వార్డు కార్యాలయంలో అడగాలి. అద్దె, స్టేషన్ దూరం తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిల్లలు జపనీస్ మాట్లాడటం ఏడాదిలో నేర్చుకుంటారు. పార్కులో గడగడ మాట్లాడుతుంటే మనం మురిసిపోతాం, ఊళ్లో చుట్టాలు వీడియో చూసి చప్పట్లు కొడతారు. కాని ఆటల్లో మాట్లాడే భాష వేరు, పుస్తకంలో ఆలోచించే భాష వేరు. ప్రైమరీ ఆరేళ్లలో 1,026 కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు నేర్వాలి. ఒకటో తరగతిలో 80, రెండులో 160, మూడు నాలుగు తరగతులు వచ్చేసరికి ఏడాదికి 200. సరిగ్గా అప్పుడే సైన్సు, సాంఘిక శాస్త్రం మొదలై, కంటికి కనిపించని విషయాలు పాఠాల్లోకి వస్తాయి. మా బాబు మూడో తరగతిలో తడబడింది అక్కడే. పార్కులో వాడికి తెలియని మాట లేదు, పాఠంలో మాత్రం ప్రశ్న అర్థం కాలేదు. అదే సమయంలో వాడి తెలుగు "అన్నం పెట్టు, స్నానం చేస్తా" దగ్గరే ఆగిపోయి ఉంది.

నేను చూసిన కుటుంబాల్లో ఎక్కువగా నష్టపోయింది "ఇంకో రెండేళ్లు చూద్దాం" అనుకుంటూ పోయినవాళ్ల పిల్లలు. రెండేళ్లలో తిరిగి వెళ్తాం కదా అని జపనీస్ గట్టిగా నేర్పించరు. ఇప్పుడైతే వెళ్లడం లేదు కదా అని తెలుగు నేర్పించరు. అట్లా రెండేళ్లు ఆరేళ్లవుతాయి. పన్నెండేళ్ల పిల్లవాడికి లోతైన ప్రశ్న అడగడానికి ఒక్క భాష కూడా నిండుగా ఉండదు. తెలివి తక్కువై కాదు. ఆ పిల్లవాడి మౌనాన్ని మొండితనం అనుకుంటారు. అది నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

కాబట్టి పెద్దబిడ్డ నాలుగో తరగతికి వచ్చేలోపు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. తిరిగి రావాలనుకుంటే టోక్యోలో సీబీఎస్ఈ చెప్పే భారతీయ బడులు 2004 నుంచి వచ్చాయి, ఫీజు భారమే, అయినా దారి ఉంది. ఉండాలనుకుంటే జపాన్ బడిలోనే వేసి, కాంజీల దగ్గర రాజీ పడకుండా చదివించాలి, ఎందుకంటే తొమ్మిదో తరగతి ముగిసేసరికి హైస్కూలు ప్రవేశ పరీక్ష ఎదురుగా నిలబడుతుంది. జపాన్‌కు వచ్చి మూడేళ్లు దాటని పిల్లలకు టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లు కొన్నింట్లో ప్రత్యేక సీట్లున్నాయి, చిన్నప్పుడే వచ్చిన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

తిరిగి రావడానికి కూడా ఇక్కడ గడువులున్నాయి. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చదవాలి. ఎంబీబీఎస్ సీటుకు స్థానిక కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. బిడ్డను డాక్టరును చేయాలన్న కల ఉన్నవాళ్లు ఎనిమిదో తరగతి అయ్యేసరికి ఇక్కడ దిగాలన్నమాట. దేవరకొండలో పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ నల్లగొండ మెడికల్ కాలేజీకి నాన్‌లోకల్ అవుతుందని విమానం ఎక్కే రోజున ఎవరికీ తట్టదు.

మేం ఉండాలనే తేల్చుకున్నాం. బాబు హైస్కూలు అక్కడే. అందుకు తగ్గట్టు తెలుగును ఇంటి భాషగా గట్టిగా పట్టుకున్నాం. గడప లోపల అన్నాచెల్లెళ్లు కూడా తెలుగులోనే కొట్లాడుకోవాలి. మన రాష్ట్ర ప్రభుత్వ తెలుగు వాచకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటినే చదివిస్తున్నాం. ఆదివారాలు మా నాన్న ఫోన్‌లో మీ పత్రిక జిల్లా పేజీ ముందు పెట్టుకుని శీర్షికలు చదివిస్తాడు. సాగర్ నీళ్లు వదిలిన వార్త, పానగల్లు గుడి వార్త, మిర్యాలగూడ ధాన్యం లారీల వార్త. మొన్న బాబును పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోతే గర్భగుడిలో పడే నీడ చూసి, అది ఏ స్తంభానిదని పూజారిని తెలుగులో అడిగాడు. మాటలు వెతుక్కున్నాడు గాని పూర్తిగా అడిగాడు. బతుకమ్మకు అక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. అక్టోబరులో పూసే కాస్మోస్ పూలు, చేమంతులు పేర్చి ఆడుకుంటాం. పాటలు మాత్రం పాపకు మా అమ్మ నేర్పినవే వచ్చు.

నా విన్నపాలు మూడు చోట్లకు. మీ పత్రిక జపాన్ ఉద్యోగాల ప్రకటన గానీ వార్త గానీ వేసినప్పుడు, అది ఏ వీసా, దాని మీద భార్యాభర్తలు, పిల్లలు వెంట రావచ్చా రాకూడదా అన్న ఒక్క వాక్యం చేర్చండి. టామ్‌కామ్ వారు జిల్లాల్లో పెట్టే అవగాహన సదస్సుల్లో జీతం, శిక్షణతో పాటు ఇదే సంగతి తెలుగు కాగితం మీద అచ్చేసి, అభ్యర్థి ఇంటి పెద్దల చేతికి కూడా ఇవ్వాలి. అమ్మమ్మ, నానమ్మ పేరు మీద బిడ్డను వదిలి పోయేవాళ్లుంటే, ఆ పెద్దమనిషికి బడిలో, ఆసుపత్రిలో సంతకం పెట్టే అధికారం ఎట్లా రాయించాలో జిల్లా యంత్రాంగం చెప్పాలి. తల్లి సముద్రాల అవతల ఉన్నప్పుడు రాత్రి బిడ్డకు జ్వరం వస్తే ముసలామె ఆ కాగితాల కోసమే తిరగాల్సి వస్తుంది. ప్రైవేటు ఏజెంట్లు ఇచ్చే మాటలు కాగితం మీద రాయించుకోవాలని కూడా అందరికీ మనవి.

నేను పైన చెప్పిన చెల్లెలికి వచ్చే నెలలో ఇంటర్వ్యూ ఉంది. పోవాలనే అనుకుంటోంది, ఈసారి నాలుగేళ్ల లెక్క వేసుకుని. ఆమెతో పాటు అదే భాషా తరగతిలో కూర్చున్న మిగతా తల్లులకు ఈ వివరాలు ఇంకా తెలియవు. వీలైతే ఆ లోపే ఈ ఉత్తరం వేయండి.

ఇట్లు,
ఒక తల్లి
దేవరకొండ, నల్లగొండ జిల్లా (ప్రస్తుత నివాసం టోక్యో)
పిల్లల దృష్ట్యా నా పేరు ప్రచురించవద్దని మనవి.